గూటి నుంచి జారిన గద్ద, డేగ, గుడ్లగూబ పిల్లలు: కాపాడటం, పెంచడం, తిరిగి గాలిలోకి వదలడం

సంక్రాంతి దాటినప్పటి నుంచి తొలకరి పడేదాకా మన ఊళ్లలో వేటపక్షుల పిల్లలు నేల మీద కనబడుతూనే ఉంటాయి. చలికాలంలో గూడు కట్టుకున్న నల్ల గద్దల పిల్లలు శివరాత్రి దాటేసరికి ఈకలు తొడుగుతుంటాయి. తాటిచెట్ల తొర్రల్లోని పైడికంటి (చిన్న గుడ్లగూబ) పిల్లలు వేసవి మొదట్లో బయటికి తొంగిచూస్తాయి. వేపచెట్ల మీద, మామిడి తోపుల్లో పెరిగే జాలెడేగ పిల్లలు సరిగ్గా ఈదురుగాలుల వేళకు గూటి అంచుకు చేరతాయి. గుడి గోపురాల్లో, పాత గోదాముల్లో కాపురముండే తెల్లముఖపు గుడ్లగూబకైతే ఒక కాలమంటూ లేదు. చెట్టు కొట్టినా, పాత మేడ పడగొట్టినా, సెల్ టవరుకు మరమ్మతు చేసినా ఈ పిల్లలు కింద పడతాయి. వాటిని చూసినవారు మంచి మనసుతోనే ఇంటికి తీసుకువెళ్లి, మంచి మనసుతోనే పాలలో ముంచిన రొట్టె పెడతారు. ఆ పిల్లల్లో చాలా భాగం చనిపోతాయి, లేదా బతికినా ఎప్పటికీ అడవి పక్షులు కాలేకపోతాయి. ఆ నష్టం జరగకూడదనే ఈ మార్గదర్శి రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షులను అనుమతి లేకుండా పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, వాటి గూళ్లను చెదరగొట్టడం నేరం. గాయపడిన పిల్లను కాపాడటానికి తీసినవారు వీలైనంత త్వరగా అటవీశాఖకు తెలియజేసి అప్పగించాలి. హైదరాబాదులో నెహ్రూ జూ పార్కు, విశాఖలో ఇందిరాగాంధీ జూ పార్కు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర జూ పార్కు ఉన్నాయి. మిగిలిన చోట్ల మీ ప్రాంతపు అటవీ రేంజి అధికారి ఫోన్ నంబరును అవసరం రాకముందే తెలుసుకొని ఉంచుకోవడం మంచిది. ఈ వ్యాసంలో మొదటి నాలుగు భాగాలు అందరి కోసం. ఆ తరువాతివి అనుమతి ఉన్న పక్షి సంరక్షణ కేంద్రాల్లో, పశువైద్యుల పర్యవేక్షణలో పనిచేసే కార్యకర్తల కోసం. ఇంటి వరండాలో ప్రయత్నించవలసిన విషయాలు కావవి.

ముట్టుకోకముందు వయసు చూడండి

నేల మీద ఉన్న ప్రతి పిల్లా ఆపదలో ఉన్నట్టు కాదు. ఒళ్లంతా నూగు తప్ప ఈకలు లేని పిల్ల గూటి పిల్ల; అది గూటిలోనే ఉండాలి, కింద ఉందంటే పడిపోయిందనే అర్థం. రెక్కల్లో, తోకలో ఈకలు సగం విచ్చుకొని, తల మీద ఇంకా నూగు మిగిలి, కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి గెంతే పిల్లను మేము కొమ్మపిల్ల అంటాం. ఎగరడం రాకముందే గూడు విడిచి బయటికి రావడం ఈ వయసులో సహజం. ముఖ్యంగా గుడ్లగూబల పిల్లలు ఇలా రోజుల తరబడి కొమ్మల మీద, గోడల మీద, అప్పుడప్పుడు నేల మీద కూడా గడుపుతాయి. పగటిపూట తల్లిదండ్రులు పక్కన కనబడవు కాబట్టి చూసినవారు అనాథ అనుకుంటారు. చీకటి పడ్డాక అవే వచ్చి మేత పెడతాయి.

కొమ్మపిల్ల కళ్లు చురుకుగా ఉండి, దగ్గరికి వెళితే బుసకొట్టి, ముక్కు టకటకలాడించి, రెండు రెక్కలూ సమానంగా పట్టుకొని నిలబడగలిగితే దాన్ని దగ్గరలోని కొమ్మ మీదికి ఎక్కించి, కుక్కలను, పిల్లులను కట్టడి చేసి వెళ్లిపోవాలి. అంతకు మించి చేసే ప్రతి పనీ దాన్ని తల్లి నుంచి దూరం చేయడమే అవుతుంది. రక్తం కనబడినా, ఒక రెక్క వేలాడుతున్నా, ఒళ్లు చల్లబడినా, ఈకల మధ్య బియ్యపు గింజల్లాంటి ఈగ గుడ్లు ఉన్నా, మాంజా చుట్టుకున్నా, పిల్లి నోట పడినా అప్పుడు మాత్రం తీసుకోవాలి. పిల్లి కోర చేసే గాయం బయటికి సూదిమొనంత కనబడుతుంది కానీ దాని నోటిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే పక్షి ప్రాణం తీయగలవు. గాయం కనబడకపోయినా ఆ పిల్లను వైద్యునికి చూపించి తీరాలి.

గూటికి తిరిగి చేర్చడం

మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. మనిషి వాసన కారణంగా పక్షులు పిల్లలను వదిలేయవు. గద్దలు, డేగలు, గుడ్లగూబలు పిల్ల గొంతు వినబడితే, అది కనబడితే, గూడు మారినా మేత తెచ్చి పెడతాయి. వేటాడటం, ఏది శత్రువో గుర్తించడం, గాలిని వాడుకోవడం తల్లిదండ్రులు నేర్పినట్టు ఏ కేంద్రమూ నేర్పలేదు.

గాయం లేదని నిర్ధారించుకున్న పిల్లను ఇలా చేర్చాలి.

1. పాత గూడు నిలిచి ఉండి, చేరుకోగలిగితే అందులోనే పెట్టండి. కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న చెట్టయితే విద్యుత్ సిబ్బంది సాయం లేకుండా ఎక్కవద్దు. గద్దలు తలను లక్ష్యంగా చేసుకొని దూసుకొస్తాయి కాబట్టి ఎక్కేవారికి హెల్మెట్ ఉండాలి.

2. గూడు చెదిరిపోతే అడుగున్నర వెడల్పు ఉన్న వెదురు బుట్టను తీసుకోండి. అడుగున వాననీరు జారడానికి సందులు ఉండాలి. ఎండు వేప పుల్లలు పరిచి పైన ఎండుటాకులు వేయండి. గుడ్డపీలికలు, దారాలు వేస్తే కాళ్లకు చుట్టుకుంటాయి. తొర్రలో పెరిగే పైడికంటికి, తెల్లముఖపు గుడ్లగూబకు ఒకవైపు రంధ్రం ఉన్న చెక్కపెట్టె కావాలి.

3. బుట్టను అదే చెట్టుకు, అది లేకపోతే కంటికి ఆనేంత దూరంలో ఉన్న పక్క చెట్టుకు, నీడ పడే చోట గట్టి తాడుతో మూడు వైపులా కట్టండి. పాత గూటి ఎత్తు అందకపోయినా పదిహేను అడుగులు చాలు. తోబుట్టువులు ఉంటే అన్నిటినీ ఒకే బుట్టలో ఉంచాలి.

4. తరువాత కనీసం యాభై అడుగులు దూరం జరిగి, ఏదైనా చాటున కూర్చొని చూడండి. గద్ద, డేగల పిల్లలనైతే ఉదయమే పెట్టి సాయంత్రం దాకా చూడాలి. గుడ్లగూబ పిల్లలను పొద్దుగూకే ముందు పెట్టి రాత్రి పది దాకా కనిపెట్టాలి. చీకట్లో తల్లి కనబడకపోయినా, పిల్లలు బుసకొట్టే చప్పుడు ఒక్కసారిగా పెరిగి ఆగిపోతే మేత అందినట్టే.

మేము కట్టిన ఒక బుట్ట దగ్గర జనం పోగై ఫోటోలు తీస్తూ ఉంటే గద్ద జంట మూడు గంటలు పైన చక్కర్లు కొట్టింది. అందరినీ పంపించిన ఇరవై నిమిషాలకు తల్లి దిగింది. తల్లి రాలేదని తేల్చే ముందు, రావడానికి మనం దారి ఇచ్చామా అని చూసుకోవాలి.

పట్టుకోవడం, పెట్టెలో పెట్టడం

ఈ పక్షుల ఆయుధం ముక్కు కాదు, కాళ్లు. భయపడిన పిల్ల వెల్లకిలా పడుకొని రెండు కాళ్లనూ ముందుకు చాస్తుంది. మందపాటి తువ్వాలును పై నుంచి మెల్లగా కప్పి, తల చీకట్లో ఉండేటట్టు చూసి, రెక్కలను ఒంటికి చేర్చి రెండు చేతులతో చుట్టి, రెండు కాళ్లనూ వేళ్ల మధ్య పైభాగంలో పట్టుకోవాలి. ఛాతీని గట్టిగా నొక్కకూడదు. పక్షి ఊపిరి పీల్చాలంటే ఛాతీ ఎముక కదలాలి.

మూత ఉన్న అట్టపెట్టె చాలు. గాలికి కింది వైపున చిన్న రంధ్రాలు చేయండి. అడుగున తువ్వాలు పరచండి. ఉత్త వార్తాపత్రిక మీద కాళ్లు జారి, ఎదిగే వయసులో తొడలు రెండు పక్కలకూ విడిపోయి ఆ వంకర మిగిలిపోతుంది. గూటి పిల్లకైతే తువ్వాలును చుట్టకుదురులా చుట్టి మధ్యలో కూర్చోబెడితే కాళ్లు పొట్ట కిందే ఉంటాయి. ఇనుప పంజరం వద్దేవద్దు. ఊచల మధ్య కొట్టుకొని విరిగిన రెక్క ఈకలు మళ్లీ ఈకలు రాల్చే కాలం దాకా, అంటే నెలల తరబడి, కొత్తవి రావు. ఒక్క రాత్రి పంజరం ఖరీదు అది.

మొదటి రోజు

వరుస మారకూడదు: ముందు వేడి, తరువాత నీరు, ఆ తరువాతే తిండి. ఒళ్లు చల్లబడిన పక్షి కడుపు తిండిని అరిగించుకోలేదు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచితే, వేడెక్కువైనప్పుడు పిల్ల పక్కకు జరగగలదు. అప్పుడే గుడ్డు నుంచి వచ్చినదానికి 33 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. ఒత్తుగా నూగు వచ్చినదానికి మన వాతావరణంలో ప్రత్యేకంగా వేడి అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాకు వచ్చే పిల్లల్లో చాలావాటి బాధ చలి కాదు, వడదెబ్బ. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలను ఒంటికి ఎడంగా పట్టుకున్న పిల్లకు సీసా పెడితే చంపినట్టే. దాన్ని నీడలో గాలి ఆడేచోట పెట్టి, పాదాలను తడిపి, వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.

నోట్లో నీళ్లు పోయవద్దు. పక్షి నాలుక మొదట్లోనే గాలి గొట్టం తెరుచుకొని ఉంటుంది; మనం పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న వేటపక్షి పిల్లకు కావలసిన నీరు మాంసంలోనే దొరుకుతుంది. ఎండిపోయినదానికి వైద్యులు చర్మం కింద ద్రవం ఎక్కిస్తారు. పాలు, అన్నం, రొట్టె పెట్టకూడదు. మనుషుల నొప్పి మాత్రలో చిటికెడు కూడా పెట్టకూడదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై కుప్పలుగా చనిపోయాకనే 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. అలాంటి దోషమే తేలిన కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు.

మాంజా చుట్టుకొని ఉంటే లాగవద్దు. గాయానికి రెండు వైపులా దారాన్ని కత్తిరించి, లోపల దిగిన ముక్కను వైద్యునికే వదిలేయాలి. రెక్క ముందు అంచున సాగే పల్చటి చర్మం తెగితే పైకి చిన్న గాయంలా ఉంటుంది కానీ, ఆ పొర సరిగా అతకకపోతే పక్షి ఇక ఎగరదు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, పండుగ అయిపోయిన వారాలకు కూడా చెట్లకు వేలాడుతున్న దారాల్లో గద్దలు చిక్కుకుంటూనే ఉన్నాయి.

కేంద్రంలో: పరీక్ష, తిండి

చేరిన రోజే బరువు తూచి రాసుకోవాలి. తరువాత ప్రతి ఉదయం మేతకు ముందు అదే వేళకు తూచాలి. ఎదిగే పిల్ల బరువు ఒక రోజు ఆగిందంటే ఏదో చెడింది. నోరు తెరిచి చూడాలి: లోపల పసుపురంగు జున్నులాంటి పొర ఉంటే అది పావురాల నుంచి సోకే పుండు కావచ్చు, మందు తొందరగా పడితే తగ్గుతుంది. ఈ కారణంగానే మా కేంద్రంలో పావురపు మాంసం వాడం. ఊళ్లో పట్టిన ఎలుకలనూ వాడం. అవి విషం తిని ఉంటే ఆ విషం పిల్లకూ ఎక్కి లోలోపల రక్తం కారుతుంది.

తిండి విషయంలో ఒక పిల్లను నేను మరువలేను. ఒక కుటుంబం నెల రోజులు ప్రేమగా పెంచి తెచ్చిన గద్ద పిల్ల అది. రోజూ ఎముకలేని మెత్తని కోడిమాంసం పెట్టారు. ఈకలు నిగనిగలాడుతున్నాయి, కళ్లు చక్కగా ఉన్నాయి, కానీ అది నిలబడలేదు. ఎక్స్‌రేలో రెండు కాళ్ల ఎముకలూ వంగి, ఒకటి రెండు చోట్ల విరిగి ఉంది. ఉత్త కండలో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు మించి ఉంటుంది. ఎదిగే ఎముకకేమో భాస్వరం కంటే కాల్షియమే కాస్త ఎక్కువ కావాలి. కొరత పడిన కాల్షియాన్ని ఒళ్లు తన ఎముకల నుంచే లాక్కుంటుంది. ఆ పిల్ల మళ్లీ ఎగరలేదు.

అందువల్ల జంతువును మొత్తంగా, ఎముకలతో, పేగులతో, కాలేయంతో పెట్టాలి. గుడ్ల కోళ్ల హేచరీలు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. గుడ్లు పెట్టవని వాళ్లు తీసివేసే ఒకరోజు వయసు మగ కోడిపిల్లలు, ప్రయోగశాలల తరహాలో పెంచిన చిట్టెలుకలు, కౌజుపిట్టలు మంచి మేత. చంపిన తరువాతే, శుభ్రమైన చోటి నుంచే తేవాలి. చల్లబెట్టినదాన్ని పూర్తిగా కరగనిచ్చి గదివేడికి వచ్చాక పెట్టాలి. మొదటి వారం పది రోజులు తోలు, ఈకలు, పెద్ద ఎముకలు తీసి సన్నగా తరిగి, పొడవాటి మొద్దుమొన పట్టకారుతో ముక్కు పక్కన తాకిస్తే పిల్ల అందుకుంటుంది. అప్పుడే పుట్టినదానికి పగలు నాలుగైదు సార్లు పెడతాం, వయసుతో పాటు రెండు పూటలకు తగ్గిస్తాం. గద్దలకు, డేగలకు గొంతు కింద మేతతిత్తి ఉంటుంది. అది ఉబ్బి కనబడుతున్నంతసేపూ మళ్లీ పెట్టకూడదు. గుడ్లగూబలకు ఆ తిత్తి లేదు, కాబట్టి పొట్ట చూసి, బరువు చూసి నిర్ణయించుకోవాలి.

ఆ వయసు దాటాక బొచ్చు, ఈకలు మేతలో ఉండాలి. అరగని బొచ్చు, ఈకలు ఒక ఉండలా చుట్టుకొని నోటి నుంచి బయటికి వస్తాయి. గుడ్లగూబ ఉండలో చిట్టెలుక ఎముకలు దాదాపు చెక్కుచెదరకుండా దొరుకుతాయి. గద్ద, డేగల కడుపు ఎముకను చాలావరకు కరిగించుకుంటుంది. నిన్నటి ఉండ పడనిదే నేటి మేత పెట్టకపోవడం మాకు నియమం. పడిన ఉండ గట్టిగా, వాసన లేకుండా ఉంటే లోపలంతా సవ్యంగా ఉన్నట్టు.

మనిషిని ఎరగకుండా పెంచడం

గుడ్డు నుంచి వచ్చిన మొదటి రెండు మూడు వారాల్లో తనకు మేత పెట్టే రూపాన్ని పిల్ల తన జాతిగా మనసులో ముద్ర వేసుకుంటుంది. ఆ రూపం మనిషి అయితే, అది పెద్దయ్యాక మనిషిని చూసి మేత కోసం అరుస్తుంది, జత కోసం మనిషి మీదికే వస్తుంది, లేదా తన హద్దులోకి వచ్చిన పోటీదారుగా భావించి ముఖం మీదికి దూకుతుంది. దాన్ని వదిలితే ఊళ్లో ఎవరో ఒకరు భయంతో రాయి విసురుతారు. గుడ్లగూబ అయితే అపశకునమని కొట్టేవారూ, దీపావళి వేళ క్షుద్రపూజలకు కొనేవారూ ఉన్న చోట మనుషులను నమ్మిన పక్షికి బతుకు లేదు. ముద్ర పడ్డాక దాన్ని చెరపడం సాధ్యం కాదు. అందుకే కేంద్రంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే.

డేగవేటకు మన నేల కొత్త కాదు. సాళువము అంటే వేటకు మచ్చిక చేసిన డేగ. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులోనూ ఆ మాటే ఉంది. ఆ డేగగాళ్లు పక్షిని చేతికి అలవాటు చేసేవారు. మనం చేయవలసింది దానికి సరిగ్గా తిరుగు.

ఒంటరి పిల్లను ఒంటరిగా పెంచకూడదు. అదే జాతి, అదే వయసు పిల్ల వేరే కేంద్రంలో ఉంటే రెంటినీ ఒకచోటికి చేర్చాలి. తన రూపం తనకు కనబడేలా అద్దం పెట్టడం కంటే తోడు నయం. గాయం వల్ల ఇక ఎగరలేని పెద్ద గుడ్లగూబ కేంద్రంలో ఉంటే, తరచూ అది పరాయి పిల్లకు కూడా మేత అందిస్తుంది. అటవీశాఖ ఒప్పుకుంటే, పిల్లల సంఖ్య తక్కువగా ఉన్న అడవి గూటిలో, కొన్ని రోజులకు మించి వయసు తేడా లేకుండా చూసి చేర్చడం ఇంకా మంచిది. ఇవేవీ కుదరనప్పుడు తెర వెనుక నుంచి, చేతికి పక్షి తల ఆకారపు బొమ్మ తొడిగి మేత పెట్టాలి. 1980లలో అమెరికాలో కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందు పిల్లలను ఇలాగే పెద్ద కాండోర్ తలలాంటి చేతిబొమ్మతో పెంచారు. పిల్ల దగ్గర మాట్లాడవద్దు, పేరు పెట్టి పిలవవద్దు, సెల్ఫీలకు ఇవ్వవద్దు. మేత ఎవరు పెడుతున్నారో దానికి తెలియకూడదు. శుభ్రం చేయడానికి, తూచడానికి వచ్చే మనిషి మాత్రం దానికి నచ్చకూడదు.

రెక్కలకు బలం

ఈకలు గట్టిపడ్డాక పెద్ద గదికి మార్చాలి. గద్దకు యాభై అడుగుల పొడవు ఉండాలని నా అభిప్రాయం. పైడికంటికి, జాలెడేగకు అందులో సగం సరిపోతుంది. గోడలకు లోపలి వైపు వెదురు బద్దలను నిలువుగా, తల దూరనంత దగ్గరగా కట్టాలి. ఇనుప వల నేరుగా తగిలితే తోకలు చిట్లిపోతాయి. మనుషులు కనబడకుండా పచ్చ నీడవల కప్పాలి. కూర్చునే కొమ్మలు వేర్వేరు లావుల్లో ఉండి, వాటికి కొబ్బరితాడు చుట్టి ఉండాలి; నున్నటి గట్టి గొట్టాల మీద రోజుల తరబడి నిలబడితే అరికాళ్లు వాచి పుండ్లు పడతాయి. వెడల్పాటి నీళ్ల తొట్టి ఒకటి ఉంచితే స్నానం చేస్తాయి, ఈకలు దిద్దుకుంటాయి. మేతను ఒక చివర, విశ్రాంతి కొమ్మను మరో చివర పెడితే ఎగరక తప్పదు. విరిగిన ఈకలుంటే, రాలిన అదే జాతి ఈకను సన్నని వెదురు పుల్లతో విరిగిన కాడలోకి దించి అతకవచ్చు. డేగగాళ్ల నుంచి మనకు నిజంగా పనికొచ్చిన విద్య ఇదొకటి.

గద్ద ఎక్కువగా ఏరుకు తినే పక్షి, మిగతా గద్దలను చూసి నేర్చుకుంటుంది. జాలెడేగ, గుడ్లగూబలు మాత్రం వేటాడకపోతే పస్తే. కదిలే ఎరను పట్టగలవని తేలాకే వాటిని వదలాలి. ప్రాణమున్న ఎరను వాడాలా వద్దా అన్నది కేంద్రపు వైద్యుడు, అటవీశాఖ కలిసి నిర్ణయించవలసిన విషయం. నేనైతే ఎరను తాడు కట్టి ఎండుటాకుల్లో లాగించి మొదలుపెడతాను.

వదలడం

రెండు వైపులా సమానంగా ఎగరాలి, ఆగకుండా పలుమార్లు తిరిగినా నోరు తెరిచి రొప్పకూడదు, ఈకలు నీటికి తడవకూడదు, బరువు ఆ జాతికి తగినట్టుండాలి. నల్ల గద్ద 600 నుంచి 900 గ్రాముల మధ్య ఉంటుంది. జాలెడేగ 100 నుంచి 200 గ్రాముల లోపు, ఆడది మగదాని కంటే బాగా పెద్దది. మనిషి లోపలికి వస్తే గది చివరి మూలకు పారిపోవాలి. ఈ చివరి పరీక్షలో తప్పిన పక్షిని, మిగతావన్నీ నెగ్గినా, నేను వదలను.

ఎక్కడ దొరికిందో ఆ ప్రాంతంలోనే, అటవీశాఖ అనుమతితో వదలాలి. పెట్టె మూత తీసి ఎగరవేయడం రెక్క నయమైన పెద్ద పక్షికి సరిపోతుంది. ఎప్పుడూ అడవిలో బతకని పిల్లకు హ్యాకింగ్ అనే పద్ధతి కావాలి. ఇదీ డేగగాళ్ల నుంచి వచ్చిందే. 1970లో పక్షి శాస్త్రవేత్త టామ్ కేడ్ స్థాపించిన పెరెగ్రిన్ ఫండ్ అమెరికాలో బైరి డేగలను (పెరెగ్రిన్ ఫాల్కన్) ఈ పద్ధతిలోనే వేలసంఖ్యలో గాలిలోకి పంపింది. 1999లో ఆ పక్షి అక్కడి ఆపన్న జాతుల జాబితా నుంచి బయటపడింది. పిల్లలు ఇంకా ఎగరకముందే, ఎత్తైన చోట, ముందువైపు ఊచలున్న చెక్కగదిలో వాటిని వారం పది రోజులు ఉంచుతారు. పరిసరాలు, గాలి, వెలుతురు కళ్లకు అలవాటవుతాయి. ఆ తరువాత ఒక ఉదయం ముందుతలుపు చప్పుడు లేకుండా తీసి పక్కకు తప్పుకుంటారు. గుడ్లగూబల గది తలుపును పొద్దుగూకేటప్పుడు తీయాలి. మరో రెండు మూడు రోజులు వాన, ఈదురుగాలి ఉండవని చూసుకోవాలి. సంక్రాంతికి ముందు వెనుక వారాల్లో పట్టణం దగ్గర ఏ పక్షినీ వదలకూడదు.

తలుపు తీశాక మన పని సగమే అయింది. గది పైకప్పు మీద రోజూ అదే వేళకు, మనం కనబడకుండా, మేత పెడుతూ ఉండాలి. మొదటి రోజుల్లో పిల్లలు అక్కడక్కడే తిరిగి సాయంత్రానికి వస్తాయి. తరువాత ఒకటి రాదు, మరునాడు వస్తుంది. ఎవరు వచ్చారో, ఎంత తిన్నారో దుర్భిణితో చూసి రాసుకోవాలి. పక్షులపై పరిశోధన చేసే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి నంబరు ఉంగరం కాలికి ఉంటే ఎప్పుడైనా ఎవరికైనా దొరికినప్పుడు దాని సంగతి మనకు చేరే వీలుంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో మేత మిగలడం మొదలవుతుంది. వరుసగా మూడు రోజులు ముట్టకపోయినా వెంటనే ఆపవద్దు. ఇంకొక వారం పెట్టండి. వేట దొరకని ఒక వానరోజున వాటిలో ఒకటి ఆకలితో ఆ కప్పు మీదికే తిరిగి రావచ్చు.